పొగ పడుకున్న పొద్దులు

పెళ్లయి నెల తిరగకుండానే ఫణిశ్రీకి రాయపూర్ చలితో స్నేహం కుదిరింది. విజయనగరంలో పుట్టి విశాఖలో చదువుకున్న పిల్లకి అంతవరకు చలికాలమంటే ఫ్యాను వేగం కాస్త తగ్గించడమే. ఇక్కడి చలి వేరు. తెల్లవారుజామున గచ్చు మీద కాలు పెడితే కొత్త మట్టెలు చల్లగా కరుస్తాయి. ఉర్లాలో ఉక్కు ఫ్యాక్టరీకి ఉదయం షిఫ్టుకు వెళ్లే రఘు, మఫ్లర్‌లోంచి కళ్లు మాత్రం బయటపెట్టి బండి స్టార్ట్ చేస్తుంటే, ఆ కళ్లు ఇక తనవే అనుకోవడం ఆమెకు ఇంకా వింతగానే ఉంది. టిఫిన్ డబ్బా అతని చేతికి అందించేటప్పుడు ఆమె వేళ్లు అవసరానికి మించి కాసేపు డబ్బా మీదే ఉండిపోయేవి. అత్తగారు చూస్తూ ఉంటే "జాగ్రత్తండీ" అనేది. చూడకపోతే "జల్దీ రా రఘూ" అనేది. ఆ హిందీ ముక్క అతను నేర్పిందే.

శంకర్ నగర్‌లో ఆ మేడిల్లు మామగారు రామమూర్తి రైల్వేలో రిటైరయ్యాక కట్టించినది. అత్తగారు సుభద్ర. కోడలు సెల్‌ఫోన్ కంపెనీలో రేడియో ఇంజినీరు అని ఆవిడకు మహా గొప్ప. పెళ్లయ్యాక ఫణిశ్రీ విశాఖ ఆఫీసు నుంచి రాయపూర్ ఆఫీసుకు బదిలీ చేయించుకుంటే, వీధిలో అందరికీ "మా కోడలు టవర్లకి డాక్టరు" అని చెప్పేసింది. అప్పట్నుంచి కూరగాయల బండివాడు కూడా తన ఫోను తీసి చూపించి, ఇదేమిటో చూడు బేటీ అంటున్నాడు.

ధనుర్మాసం వచ్చింది. కరోనా ఏడాది నుంచి ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఊళ్లో తలో మూలా ఉన్న తెలుగు ఆడవాళ్లు తెల్లవారుజామునే ఫోన్లు కలుపుకుని పాశురాలు పాడతారు. సుభద్ర ఒక్కొక్కరికీ కాల్ చేసి లైన్లో చేరుస్తుంది. రైల్వే కాలనీ నుంచి కల్యాణి, దేవేంద్ర నగర్ నుంచి రజని, ఉర్లా నుంచి పైడమ్మ. తలా ఒక చరణం అందుకుంటారు, చివరి పాదం మాత్రం పైడమ్మది. డెబ్భై దాటిన ఆవిడ గొంతు కంచుగిన్నె మీద గరిటె తగిలినట్టు ఉంటుంది. ఆవిడ పాడాక అందరూ దాన్నే మళ్లీ పాడి ముగిస్తారు. ఫోను దేవుడి గూట్లో దీపం పక్కన ఉంటుంది, వంటింట్లో పొంగలి కుతకుతలాడుతూ ఉంటుంది. ఆ రెండు చప్పుళ్ల మధ్య నిలబడి జీడిపప్పు వేయించడమంటే ఫణిశ్రీకి పండగే.

ఆ రోజు చివరి పాదం దగ్గర పాట ఆగిపోయింది.

"అప్పా, నీ వంతు," అంది సుభద్ర. పైడమ్మని ఆవిడ సొంత అక్కలాగే అప్పా అని పిలుస్తుంది.

ఫోన్లోంచి ఉలుకూ పలుకూ లేదు.

"అప్పా, వినిపిస్తోందా?"

"లైన్ కట్ అయిందేమో పిన్నీ," అంది రజని.

"లేదే, పేరు కనిపిస్తోంది ఇక్కడ."

"నిద్ర పట్టేసిందేమో," అంది కల్యాణి.

"నిద్రా పాడా? అలిగింది," అంది సుభద్ర గొంతు తగ్గించకుండానే. "మావాడి రిసెప్షన్లో హారతి పాట పాడించలేదని నెల్రోజులుగా కడుపులో పెట్టుకుంది. ఇదిగో, ఇప్పుడు బయటపెడుతోంది. బతిమాలించుకోవడం అప్పకి ముందునుంచీ అలవాటేలే."

కల్యాణి కిసుక్కున నవ్వింది. అంతలో ఫోను కుయ్‌మని మోగి, తెర మీద పైడమ్మ పేరు మాయమైంది.

"చూశారా, పెట్టేసింది," అంది సుభద్ర. చివరి పాదం తనే పాడింది గానీ అందులో ఉప్పులేదు.

రిసెప్షన్ సంగతి ఫణిశ్రీకి గుర్తుంది. రాయపూర్ తెలుగువాళ్లలో ఏ పెళ్లయినా కొత్త జంటకి హారతి పాట పైడమ్మే పాడాలి. ఆ రోజు అతిథులు ఆలస్యంగా వచ్చారు, హాలువాళ్లు ఖాళీ చేయమని తొందరపెట్టారు. ఆ హడావిడిలో ఎవరో ఫోన్లో రికార్డు పాట పెట్టేస్తే హారతి ఇచ్చేశారు. ముందు వరసలో పైడమ్మ గొంతు సవరించుకుని కూర్చుని ఉంది. ఆ పాట మొదలవగానే కొంగు సర్దుకుని తల దించుకోవడం వేదిక మీంచి ఫణిశ్రీ చూసింది.

మర్నాడు పైడమ్మ ఫోను ఎత్తలేదు. ఆ మర్నాడూ ఎత్తలేదు. మూడో రోజు సుభద్ర పొంగల్లో రెండుసార్లు ఉప్పు వేసింది. రామమూర్తిగారు మాట్లాడకుండా తిని, మంచినీళ్ల చెంబు దగ్గరకు లాక్కున్నారు.

"ముప్పయ్యేళ్ల స్నేహం మావయ్యా వాళ్లది?" అని అడిగింది ఫణిశ్రీ తర్వాత.

"అంతకంటే ఎక్కువే అమ్మా. నేను ట్రైన్ల మీద తిరుగుతుంటే మీ ఆయనకి నలుగు పెట్టి నీళ్లు పోసింది ఆవిడే. మీ అత్త ఒకటే అంటోంది, ఈ నెలాఖరు లోపల ఆవిడ రాకపోతే ఇక ఈ పాటలే మానేస్తుందట. అన్నదంటే చేస్తుంది."

ఫణిశ్రీ మనసు చివుక్కుమంది. తన పెళ్లి వల్లే కదా ఇదంతా. తెల్లవారుజామున ఆ కంచుగిన్నె గొంతు వినిపించని ఇల్లు ఆమెకు అప్పుడే బావురుమంటున్నట్టు తోచింది.

ఆఫీసులో ఆమెకు అంటగట్టిన పని కూడా ఉర్లా వైపుదే. అక్కడి ఎత్తయిన టవర్లలో కొన్నాళ్లుగా తెల్లవారుజామున ఏదో రొద మొదలవుతోంది. తెర మీద గీత కొండెక్కినట్టు లేచి, బాగా పొద్దెక్కాక దిగిపోతోంది. ఆ సమయంలో ఫోన్లు కలవడం లేదని ఫ్యాక్టరీల నుంచి ఒకటే ఫిర్యాదులు. ఆమె పైఅధికారి ప్రేమ్‌చంద్ ఈ ఊరివాడే, నిదానస్తుడు, బల్ల సొరుగులో ఎప్పుడూ జామకాయలుంటాయి.

"చోర్ బూస్టర్ మేడమ్," అన్నాడు హిందీలో, కాయ కోస్తూ. "ఎవడో సిగ్నల్ రావట్లేదని బజార్లో దొంగ పెట్టె కొని ఇంటిమీద పెట్టుకున్నాడు. అది వాడి ఒక్కడికి మేలు చేసి ఊరందరి చెవిలో అరుస్తుంది. పట్టుకుంటే సరి."

ఫణిశ్రీ కూడా అదే అనుకుంది. వ్యాను మీద యాంటెన్నా కట్టుకుని ఉర్లా అంతా తిరిగారు. ఆఫీసు తెరిచాక బయల్దేరే వ్యాను అక్కడికి చేరేసరికి రొద మాయం.

"దొంగకి ఆఫీసు టైమ్ తెలిసినట్టుంది," అంది ఫణిశ్రీ తన వచ్చీరాని హిందీలో. "తెల్లవారుజామున వెళ్దామా సార్?"

"కొత్త పెళ్లికూతురు రజాయి వదిలి వస్తానంటే నేనెందుకు కాదంటాను? నా భార్యే నన్ను వదలదు, చలి తగులుతుందని," అన్నాడు ప్రేమ్‌చంద్, జామకాయ ముక్కలు ఆమె వైపు జరుపుతూ.

దొంగని వెతకడానికి వెళ్లనక్కర లేకుండానే దొరికాడు, అదీ డాబా మీద.

రఘు బండి వీధి మలుపు తిరిగేదాకా చూడటానికి ఫణిశ్రీ రోజూ డాబా ఎక్కుతుంది. మలుపు దగ్గర అతను వెనక్కి చూడకుండానే చెయ్యెత్తుతాడు, తను పైనుందని తెలుసు గనక. ఆ చెయ్యి కోసమే ఎక్కడం. ఆ రోజు చెయ్యి లేచింది, బండి మలుపు తిరిగింది. ఆమె దిగబోతూ టీకొట్టు వైపు చూసింది. కొట్టువాడు బొగ్గుల సిగ్డీ రాజేస్తున్నాడు. పొగ నిటారుగా లేచి, మూడంతస్తుల ఎత్తుకి వచ్చి, అక్కడ కనిపించని కప్పేదో తగిలినట్టు ఆగి, పక్కలకి పరుచుకుని పడుకుంది. దూరంగా ఉర్లా దిక్కున గొట్టాల పొగ కూడా అంతే, దుప్పటి ఆరేసినట్టు బారుగా, చదునుగా పడుకుని ఉంది.

ఫణిశ్రీ చలి మరిచిపోయి నిలబడిపోయింది. కాలేజీలో ఒక పరీక్ష కోసం చదివి, పరీక్ష అయ్యాక మరిచిపోయిన పాఠం కళ్ల ముందు పడుకుని ఉంది. మబ్బులేని చలి రాత్రి నేల చల్లబడిపోతుంది. నేల దగ్గరి గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉండిపోతుంది. ఆ వెచ్చటి పొర గిన్నె మీద మూతలాంటిది. పొగ దాన్ని దాటి పోలేదు. రేడియో తరంగమూ అంతే. మామూలు రోజుల్లో ఆకాశంలోకి పోయి చెదిరిపోవలసిన దూరపు టవర్ల తరంగాలు, ఆ మూత కింద చిక్కుకుని, వంగి, నేల వెంట జారుకుంటూ ఎక్కడెక్కడి నుంచో ఇక్కడికి వచ్చి పడతాయి. దొంగ ఉర్లాలో లేడు, వాతావరణంలో ఉన్నాడు.

ఆ తర్వాత రోజూ పొగ చూడటం ఇంకో సరదా అయింది. మబ్బు పట్టిన పొద్దున పొగ హాయిగా పైకి పోయింది, ఆఫీసులో గీత నేలకి అంటుకునే ఉంది. మంచు రాలిన పొద్దున పొగ పడుకుంది, గీత కొండెక్కింది. ఒక సాయంత్రం ఇంటికొచ్చి పప్పు తాలింపు వేస్తూ ఇదంతా రఘుకి చెప్తోంది.

"టవరు కాస్సేపు మాట్లాడుతుంది, కాస్సేపు వింటుంది. సెకనుకి వందలసార్లు అలా వంతులు మారుతుంది. టవర్లన్నీ ఒకే తాళం మీద మాట్లాడి, ఒకే తాళం మీద ఊరుకుంటాయి. దూరం టవరు కూడా టైముకే ఆపేస్తుంది, కానీ దాని మాట ఇంత దూరం వచ్చేసరికి ఆలస్యం అవుతుంది కదా. సరిగ్గా మన టవరు చెవి ఒగ్గి వినే వేళకి వచ్చి చెవిలో పడుతుంది. ఇక ఫోన్ల చిన్న గొంతులు దానికేం వినిపిస్తాయి?"

"అంటే టవరుకి చెవుడు," అన్నాడు రఘు, ఆవాలు చిటపటలాడుతుంటే వెనక్కి తగ్గుతూ. "మరి ఫోన్లకి?"

"ఫోన్లకి టవరు మాట నిక్షేపంగా వినిపిస్తుంది. సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి. మాట్లాడితే మాత్రం…"

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏమైంది? మిర్చి మాడిపోతోంది ఫణీ."

"రఘూ, పెద్దత్త ఆ రోజు పాడింది."

"ఎవరు, పైడమ్మ పెద్దమ్మా?"

"పాడింది. మనకే వినిపించలేదు. అత్తయ్య అన్న మాటలన్నీ ఆవిడకి వినిపించాయి."

రఘు స్టవ్ కట్టేశాడు. పప్పులో మాడిన మిర్చి ఘాటుకి ఇద్దరికీ దగ్గొచ్చింది.

ఆదివారం బండి మీద ఉర్లా వెళ్లారు. దారిలో రఘు ఆపి వేడి పోహా, జిలేబీ పెట్టించాడు. అటుకుల్లో జిలేబీ నంచుకోవడమేమిటని మొదటిసారి నవ్విన ఫణిశ్రీ ఇప్పుడు తనే ఇంకో జిలేబీ అడిగింది. పైడమ్మ కొడుకింట్లో ఉంటుంది. ఫ్యాక్టరీ గోడ వెనక వీధి, ముందు ఎండ పడే అరుగు. ఆవిడ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. రఘుని చూసి మొహం విప్పారింది, మళ్లీ ఏదో గుర్తొచ్చి ముడుచుకుంది.

"రా నాయినా. కోడల్ని తెచ్చినావా. మీ యమ్మ అంపిందేటి?"

"అత్తయ్యకి తెలీదు పెద్దత్తా, మేమే వచ్చాం," అంది ఫణిశ్రీ. అరుగు మీద కూర్చుని తనూ ఒక చిక్కుడుకాయ తీసుకుంది. "ఆ రోజు మీరు పాడారు కదూ?"

పైడమ్మ చేతిలోని చిక్కుడుకాయ చాటలో పడేసింది.

"పాడకేటి? గొంతు ఎత్తి పాడినాను. ఒకపాలి పాడినాను, రెండుపాల్లు పాడినాను. నానిటు పాడతా ఉంటే అటు మీ యత్త, అలిగింది, బతిమాలించుకుంటది అంటది. నా సెవుల్తో ఇన్నాను. ఆ కల్యాణి నవ్విందీ ఇన్నాను. ఆపైన లైను కోసీసినారు. నాను అలిగీదాన్నయితే ఆ పొద్దు పెళ్లికాడే లేచి ఎలిపోదును గదా. హారతికి నా పాట వద్దని సెల్లు పెట్టీసినారు, సరే, పిల్లల పెళ్లి గదాని ఊరుకున్నాను."

"వాళ్లు కోయలేదు పెద్దత్తా. దానంతటదే తెగింది. మీ పాట మాకు ఒక్క ముక్క వినబడలేదు."

"నిండా గీతలున్నాయమ్మా. నాలుగున్నాయి. నాకు సదువు నేదు గానీ గీతలు లెక్కెట్టడం వచ్చు."

ఫణిశ్రీ పొగ గురించి చెప్పింది, మూత గురించి చెప్పింది, ఆలస్యంగా వచ్చి పడే మాట గురించి చెప్పింది. పైడమ్మ ఓపిగ్గా విని, తుంచిన చిక్కుడుకాయలు చాటలో కుదిపింది.

"అంటే, దూరంనించి ఒకడు రాగం సాగదీసి పాడతా ఉంటే, ఆడి తోక వచ్చి మన చరణం మీద పడతాది. అంతేనా?"

"అంతే పెద్దత్తా," అంది ఫణిశ్రీ. ఇంత బాగా ఆఫీసులో ఎవరూ చెప్పలేదనుకుంది.

"బాగానే అల్లినావు. అత్తని వెనకేసుకు రావడం మంచి కోడలి లచ్చనమే. కానీ మీ యత్త నోరు దాటింది పొగ కాదు గదా."

వచ్చేటప్పుడు ఫణిశ్రీ ఒక్కటే అడిగింది. "టవరు బాగుచేశాక ఫోన్ చేస్తాం. ఎత్తండి చాలు. పాడకపోయినా ఫర్వాలేదు."

పైడమ్మ ఎత్తుతాననీ అనలేదు, ఎత్తననీ అనలేదు. సంచీ నిండా చిక్కుడుకాయలు మాత్రం ఇచ్చింది.

ఆ సాయంత్రం సుభద్ర అన్నీ విని, ముందున్న కత్తిపీట పక్కకి నెట్టేసింది. "అయ్యో, నా నోరు," అంది. "వెంటనే ఫోన్ చేసి చెప్పనా?"

"నమ్మరు అత్తయ్యా. ముందు టవరు వినాలి. తర్వాత ఆవిడ."

సోమవారం ప్రేమ్‌చంద్ ముందు ఫణిశ్రీ తన లెక్క పరిచింది. రొద ఎంత ఆలస్యంగా వచ్చి పడుతోందో చూస్తే అది ఎంత దూరం నుంచి వస్తోందో తెలుస్తుంది. ఆ దూరం బిలాస్‌పూర్ దాటిన మైదానాల దగ్గర తేలింది. మందు రెండు రకాలు. ఒకటి, ఎత్తు టవర్ల యాంటెన్నాలని తెల్లవారుజామున కాస్త కిందికి వంచడం. చూపు ఆకాశం అంచు మీదికి పోకుండా నేల మీదే ఉంటుంది, దూరపు రొద తక్కువ వినిపిస్తుంది, తన రొద దూరం పోదు. రెండోది, మాట్లాడటానికీ వినడానికీ మధ్య టవరు తీసుకునే విరామం పెంచడం. ఆలస్యంగా వచ్చే తోక ఆ విరామంలోనే పడి పోతుంది.

"విరామం పెంచితే ఇంటర్నెట్ వేగం తగ్గుతుంది," అన్నాడు ప్రేమ్‌చంద్. "వంచితే అంచున పొలాల వాళ్లకి సిగ్నల్ సన్నగిల్లుతుంది. వాళ్లు తిడితే?"

"పక్క టవరు ఆదుకునే చోటే వంచుదాం సార్. ఎండ కాస్త ముదరగానే మళ్లీ ఎత్తేద్దాం. ఆ వేళ సినిమాలు చూసేవాళ్లు ఎవరూ ఉండరు. ఫోన్లు చేసుకునేవాళ్లే ఉంటారు."

ప్రేమ్‌చంద్ కిటికీలోంచి బయటికి చూశాడు. "చిన్నప్పుడు మేమూ చూసేవాళ్లం, పొలాల్లో గడ్డి తగలబెడితే పొగ పైకి పోయేది కాదు. అది చూసి మా బాబు ఈ రోజు చలి ముదురుతుందనేవాడు. చలే అనుకున్నాను గానీ…" అని, "రెండు రోజులు చూద్దాం, ఉర్లా వరకే," అన్నాడు.

బిలాస్‌పూర్ ఆఫీసులో వీణ అని ఒకమ్మాయి ఉంది. ఫణిశ్రీ ఫోన్ చేసి విషయం చెప్పగానే పెద్దగా నవ్వింది. "మీ రాయపూర్ టవర్లే తెల్లారి లేచి మా మీద అరుస్తున్నాయని మేం రిపోర్టు రాస్తున్నాం. దొంగ బూస్టర్ కోసం మేమూ వెతికాం."

"అయితే మీరూ వంచండి, మేమూ వంచుతాం."

"ముందు ఎవరు?"

"ఒకేసారి."

అలాగే అనుకున్నారు. ఎవరూ టవరెక్కే పని లేదు, ఆఫీసులో కూర్చుని మీట నొక్కితే యాంటెన్నా లోపలే వంగుతుంది. సాయంత్రం ఫణిశ్రీ అన్నీ సరిచూసి, తెల్లవారుజామున దానంతటదే జరిగేలా పెట్టి ఇంటికొచ్చింది.

పొద్దున్నే డాబా ఎక్కింది. ఆకాశం ఒక్క మరక లేకుండా ఉంది. సిగ్డీ పొగ లేచింది, ఆగింది, పడుకుంది. మూత బిగుసుకునే ఉంది. మబ్బు పట్టి ఉంటే ఏదీ తేలేది కాదు. ఆమె సంతోషం పట్టలేక మెట్లు రెండేసి దిగింది. ఆ రోజు రఘుకి సెలవు, వంటింటి గుమ్మానికి ఆనుకుని పొంగలి గిన్నె వైపు ఆశగా చూస్తున్నాడు.

సుభద్ర కల్యాణిని కలిపింది, రజనిని కలిపింది. పైడమ్మ నంబరు నొక్కే ముందు చేతులు కొంగుకి తుడుచుకుంది. చాలాసేపు మోగింది. ఇక ఆగిపోతుందనగా ఎత్తిన చప్పుడైంది. పలుకు లేదు. తెర మీద పేరు మాత్రం ఉంది.

అందరూ ఫణిశ్రీ వైపు చూశారు. టవరు వినడం లేదా, ఆవిడే మాట్లాడటం లేదా, ఆమెకు మాత్రం ఏం తెలుసు? ఫోను దగ్గరకి వంగి వింది. ఎక్కడో కోడి కూసింది. ఫ్యాక్టరీ సైరన్ సన్నగా వినిపించింది. శంకర్ నగర్‌లో ఏ ఫ్యాక్టరీ లేదు.

"వినిపిస్తోంది అత్తయ్యా," అంది నెమ్మదిగా. "ఆవిడ వీధి వినిపిస్తోంది. మాట్లాడండి."

సుభద్ర గొంతు సవరించుకుంది. "అప్పా. ఆ రోజు నేనన్నది తప్పు. కల్యాణీ రజనీ వినేలాగే అన్నాను గనక, వాళ్లు వినేలాగే చెప్తున్నాను. నువ్వు అలగలేదు. హాలువాళ్ల తొందరలో నీకు ఆ మాటైనా చెప్పకుండా రికార్డు పెట్టనిచ్చాను, అదీ నా తప్పే. పాడితే పాడు, లేకపోతే ఊరికే విను. ఫోన్ మాత్రం పెట్టేయకు."

కాసేపు కోడే వినిపించింది.

"నీ శ్రుతి ఎక్కువయిపోనాది సుభద్రా," అంది ఫోన్లోంచి పైడమ్మ. "నాను నేకపోయీసరికి పైకెత్తీసినావు. ముందది దించు."

రజని నవ్వింది. సుభద్ర కొంగుతో కళ్లు ఒత్తుకుని, "దించాను, పాడు," అంది.

"ఆగమ్మా. పిల్లలిద్దరూ ఉన్నారా ఆడ?"

"ఉన్నాం పెద్దమ్మా," అన్నాడు రఘు గుమ్మంలోంచి.

"దేవుడికాడ పక్కపక్కన కూకోండి. సుభద్రా, పళ్లెంలో కర్పూరం ఎట్టు. పాశురం తరవాత పాడుకుందుము. నాకో బాకీ ఉంది ముందర."

రామమూర్తిగారే లేచి పళ్లెం తెచ్చారు. ఫణిశ్రీ చేతికి అంటుకున్న నెయ్యి తుడుచుకునే వ్యవధి కూడా లేకుండా రఘు పక్కన కూర్చుంది. అతని మోచెయ్యి ఆమె మోచేతికి తగిలింది. సుభద్ర కర్పూరం వెలిగించింది. దీపం పక్కనున్న ఫోన్లోంచి హారతి పాట మొదలైంది, ఒక్క ముక్క తెగకుండా, కంచుగిన్నె మీద గరిటె తగిలినట్టు.